డైనమో మూత మీద బొట్టు

మొన్న గాలివానకి మధ్యాహ్నమే కరెంటు పోయింది. మేముండే ఈ అత్లోన్ ఊళ్ళో చలికాలం కరెంటు పోతే మధ్యాహ్నానికీ సాయంత్రానికీ తేడా తెలియదు. కిటికీలోంచి వచ్చే వెలుగు నీళ్ళు ఎక్కువైన మజ్జిగలా ఉంటుంది. కొవ్వొత్తి కోసం మెట్ల కింద ప్రెస్‌లో చెయ్యి పెట్టాను. అలమరాని ఇక్కడ ప్రెస్ అంటారు, నాకూ అదే నోటికి అలవాటైంది. కొవ్వొత్తి దొరకలేదు గానీ, గాల్వే ఆసుపత్రివాళ్ళు ఇచ్చిన ప్లాస్టిక్ సంచీ తగిలింది. అందులోంచి రెండు వైర్లు బయటికి వేలాడుతున్నాయి. వాటి చివర ఉసిరికాయంత బల్బు.

అది పట్టుకోగానే, అంకుల్ అని మేం పిలిచే ఆ పెద్దాయన వంటింట్లోకి వచ్చి నిలబడినట్టే అయింది. "ముందు సూడమ్మా, తరవాత నమ్ము" అంటూ.

ఆ బల్బు ఎప్పుడూ ఆయన కోటు జేబులో ఉండేది. కరెంటు ఉన్నచోటల్లా ఆ రెండు వైర్లూ ఆనించి చూసేవాడు. బల్బు వెలిగితే ఉన్నట్టు, వెలగకపోతే లేనట్టు. ఇప్పుడు మంచి మంచి మీటర్లు వచ్చాయి కదా అంకుల్ అని మా బావ ఒకసారి అన్నాడు. మీటరు చేసినవాడు ఎవడో మనకి తెలియదు, వాడు ఏం నేర్పితే అది చెప్తుంది, బల్బుకి అబద్ధం ఆడడం చేతకాదు అని అంకుల్ జవాబు. బావ అంటే మా ఆయనే. మాది మేనరికం. తను ఆసుపత్రిలో పెద్ద డాక్టరైనా, నేను ఏడో తరగతితో ఆగిపోయినా, ఇంట్లో నాకు బావే.

అంకుల్‌కి అనుమానం ఒక పని కాదు, ఊపిరి. ఉప్పు పొట్లం మీద కూడా తారీకు చూసేవాడు. రోడ్డు దాటేచోట ఆకుపచ్చ బొమ్మ వెలిగినా దాటేవాడు కాదు, కార్లన్నీ పూర్తిగా ఆగి, నడిపేవాళ్ళ మొహాలు చూశాకే అడుగు వేసేవాడు. ఆ పచ్చబొమ్మ వచ్చి కారుకి అడ్డంపడదు కదా అనేవాడు. ఈ దేశంవాళ్ళు ప్రతిదానికీ గ్రాండ్, అంటే అంతా బాగుంది, అంటారే, ఆ మాటంటే మరీ అనుమానం. వాన పడుతున్నా గ్రాండే, కాలు విరిగినా గ్రాండే, అలాంటి మాట పట్టుకుని ఏం తేల్చుకుంటామని. భోజనానికి కూర్చుంటే ముందు గిన్నెల మూతలన్నీ ఎత్తి లోపలికి తొంగిచూసేవాడు. మొదట్లో నాకు ఒళ్ళు మండేది. నా వంటలో ఏం పడిందని వెతుకుతున్నాడో అనుకునేదాన్ని. ఒకరోజు అడిగేశాను. ఓడలో పనిచేసినప్పుడు వంటవాడు రోజూ 'చాలా ఉంది, తినండి' అనేవాడట. తర్వాత చూస్తే వాడు ఖాళీ గిన్నె గోక్కుంటూ ఉండేవాడట. అప్పట్నించీ 'ఉంది' అన్న మాటని ఆయన నమ్మడు. గిన్నె చూసి, దాన్నిబట్టి తింటాడు.

ఆయనది విశాఖపట్నం వైపు. ఓడల్లో కరెంటు పని చేసేవాడని మాత్రం తెలుసు. ఓడ దిగి ఈ దేశంలో ఎలా తేలాడో ఎవరికీ తెలియదు. ఇక్కడి మనవాళ్ళు తలొక కథ చెప్పేవాళ్ళు. ఆయన్ని అడిగితే, "నాను సెప్పింది మాత్రం నిజమని నీకేటి నమ్మకం?" అనేవాడు. ఇక ఎవరు అడుగుతారు? నది పక్కన మూసేసిన కొట్టు మీద ఒక గదిలో అద్దెకుండేవాడు.

ఆయన మా గుమ్మంలోకి రావడానికి కారణం మా నాన్న బండి. ఇంగ్లండులో తయారై, మద్రాసు రేవులో దిగి, మా తెనాలి చేరిన పాత మోటారు సైకిలు అది. బావ దాని మీదే బండి నేర్చుకున్నాడు. నాన్న పోయాక ఎవరో తుక్కుకి అడిగితే బావ ఒప్పుకోలేదు. సామాన్లతో పాటు ఓడలో వేయించి ఇక్కడికి తెప్పించాడు. షెడ్డులో పెట్టి ఆదివారం ఆదివారం తుడిచేవాడు, ఎండ కాసిన రోజున నడిపేవాడు.

ఆ బండికి ఒకటే జబ్బు, దీపం. నాకు అర్థమైనంతలో చెప్తాను. బండిలో డైనమో అని ఒకటి ఉంటుంది, అది సంపాదించే చెయ్యి. బ్యాటరీ, దాచుకునే డబ్బా. దీపం, ఖర్చుపెట్టే నోరు. బండి జోరుగా పోతున్నంతసేపే ఆ పాత డైనమో సంపాదిస్తుంది. నెమ్మదించిందా, సంపాదన ఆగిపోతుంది, దీపం డబ్బాలో ఉన్నదంతా తినేస్తుంది. ఆ సంగతి చెప్పడానికి దీపం వెనకే గుండ్రటి అద్దంలో ఒక ముల్లు ఉంటుంది. కుడికి వాలితే రాబడి, ఎడమకి వాలితే పోబడి.

ఒక సెప్టెంబరు సాయంత్రం చెరువు వైపు రోడ్డు మీద, ట్రాక్టరు వెనకాల నెమ్మదిగా వస్తున్నప్పుడు దీపం ఆముదం దీపంలా అయి ఆరిపోయిందట. మలుపు కనబడక బావ కాలవలోకి దిగాడు. మోకాళ్ళ దాకా బురదతో, బండి తోసుకుంటూ వచ్చాడు. దెబ్బలేం తగల్లేదు. అయినా ఆ బురద కడుగుతూ రెండుసార్లు వెతికి చూశాను. మెయ్‌నూత్ నుంచి పాత బళ్ళు పోగుచేసే ఒకతను అప్పటికే రెండుసార్లు బేరానికి వచ్చిపోయాడు. బావకి ఒకటే చెప్పాను. క్రిస్మస్ లోపల ఆ దీపం బాగుపడాలి, లేదా బండి మెయ్‌నూత్ వెళ్ళాలి. నాన్న బండి పోవడం నాకూ ఇష్టం లేదు. కానీ నాన్న బండి మీద బావ పోవడం అసలే ఇష్టం లేదు.

ఆ మాట అన్న వారంలోనే ఆయన గేటు దగ్గర నిలబడ్డాడు. బావ బండి స్టార్టు చేసి చూసుకుంటున్నాడు. నమస్కారం లేదు, పేరు చెప్పడం లేదు.

"దీపం ఆకలితో ఉంది బాబూ. దానికి తిండెట్టీవోడు సరిగ్గా లేడు."

తెలుగు మాట వినగానే బావ లోపలికి పిలిచి టీ ఇప్పించాడు. ఆయన టీ గ్లాసు పట్టుకునే బండి చుట్టూ తిరిగాడు. డైనమో విప్పుతానన్నాడు. ఎంతవుతుందని బావ అడిగితే, ఏమీ వద్దన్నాడు.

అక్కడే నాకు అనుమానం మొదలైంది. డబ్బు వద్దన్న మనిషిని రెండు కళ్ళతో చూడాలని మా అమ్మమ్మ అనేది. వద్దన్నవాడికి ఇంకేదో కావాలి. పైగా ఆ మెయ్‌నూత్ అతను బావతో అన్న మాట నా చెవిలోనే ఉంది. పుట్టినప్పటి డైనమో బండికి ఉంటేనే బండి కింద లెక్కట, అది లేకపోతే సగం ఇనుము కిందే కొంటాడట. అలాంటి డైనమోని ఊరూ పేరూ లేని మనిషి విప్పుతానంటున్నాడు.

మా అమ్మాయి ఇక్కడే పుట్టి పెరిగింది. తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో ఇస్తుంది. "మామ్, హీ ఈజ్ గ్రాండ్" అంది. ఆ మాట ఆయన చెవినపడింది. "సూసేవా, నా మీద కూడా అదే మాట వాడీసింది" అన్నాడు నాతో.

శనివారం శనివారం వచ్చేవాడు. డైనమో విప్పి మా వంటింటి బల్ల మీద కాగితం పరిచి పెట్టాడు. ఆ వారమే దసరా వచ్చింది. ఇంట్లో ఉన్న బండికీ, కత్తిపీటకీ, గ్రైండరుకీ నేను ఏటా పసుపు కుంకుమ పెడతాను. డైనమో బండిలో లేదు కాబట్టి బల్ల మీదే పెట్టాలి. చుట్టూ చూశాను, ఆయన సింకు దగ్గర చేతులు కడుక్కుంటున్నాడు. డైనమో చివర ఒక గుండ్రటి మూత ఉంది. దాని అంచున సన్నని గాడి. అందులోకి వేలితో కుంకుమ అద్ది, చీరచెంగుతో పైపైన తుడిచాను. పైకి ఏమీ కనబడదు, గాడిలో ఉండిపోతుంది, ఎవరైనా మూత మారిస్తే తెలిసిపోతుంది.

"ఈ బొట్టు దేవుడికా అమ్మా, నాకా?"

వెనక్కి తిరిగితే చేతులు తుడుచుకుంటూ చూస్తున్నాడు.

"ఇద్దరికీ" అన్నాను.

ఆయన నవ్వలేదు. తలూపాడు, లెక్క సరిపోయిందన్నట్టు.

మొదట ఆయన డైనమోని అలాగే బండికి తిరిగి బిగించి, దాని కరెంటుని అదుపు చేసే పాత డబ్బా తీసి కొత్తరకం చిన్న పెట్టె పెట్టాడు. ఇంత పాత బండిలో ఒక తిరకాసు ఉంది. లోకంలో బళ్ళన్నిటికీ బ్యాటరీ నల్ల వైరు బండి ఇనుముకి పోతుంది. దీనికి ఎర్రది పోవాలి. ఈ సంగతి మాకు చెప్పింది ఆయనే. బ్యాటరీ మీద ఎర్రగుడ్డ కట్టింది ఆయనే. "అందరూ నల్లదంటారు. నమ్మకు. ఈ బండి అందరిలాంటిది కాదు" అని బావకి రెండుసార్లు చెప్పాడు.

తీరా కలిపే రోజున ఆయన చేతులే నల్ల వైరుని ఇనుముకి బిగించాయి. ఎన్నేళ్ళ అలవాటో మరి, కళ్ళు వేరే పనిలో ఉన్నాయి. కొత్త పెట్టెలోంచి సన్నగా పొగ వచ్చింది, వెంట్రుక కాలిన వాసన.

"బేటరీ ఎవరు ముట్టుకున్నారు?" అన్నాడు.

షెడ్డులో ఉన్నది ముగ్గురం. ఆయన నావైపే చూశాడు. నాకు చుర్రుమంది.

"మీరే అంకుల్. నేను పకోడీల పళ్ళెం పట్టుకుని నిలబడ్డాను. రెండు చేతులూ పళ్ళేనికే ఉన్నాయి."

ఆయన నల్ల వైరు చూశాడు, తన చెయ్యి చూసుకున్నాడు. నల్ల వైరు ఊడదీశాడు. "లోకాన్నంతా సూసుకున్నాను. నా సెయ్యిని సూసుకోలేదు" అన్నాడు చివరికి. తర్వాత డైనమోని మళ్ళీ విప్పి, గుడ్డలో చుట్టి చంకన పెట్టుకున్నాడు. పాత డబ్బాని కూడా సంచీలో వేసుకున్నాడు. లోపల మొత్తం మార్చి తెస్తానన్నాడు. పకోడీ ముట్టకుండా వెళ్ళిపోయాడు.

వెళ్ళిన మనిషి మళ్ళీ రాలేదు. ఒక శనివారం, ఇంకో శనివారం. ఫోను చేస్తే మోగదు. బావ నది పక్క గదికి వెళ్ళి తలుపు కొట్టి వచ్చాడు. ఎవరూ పలకలేదట. పెద్దాయనకి సిగ్గేసి ఉంటుంది, వస్తాడులే అన్నాడు. నేను ఊరుకున్నాను. కానీ పాలు కాస్తున్నా, బట్టలు మడతపెడుతున్నా నా మనసు ఆ డైనమో మీదే. షెడ్డులో బండి, పన్ను ఊడిన నోటిలా, ఆ ఖాళీతో నిలబడి ఉండేది.

వెళ్ళిపోకముందు ఒక సంగతి జరిగింది, బావకి చెప్పలేదు. కూరగాయలకి టౌనులోకి వెళ్ళినప్పుడు వంతెన దగ్గర ఆయన్ని చూశాను. మెయ్‌నూత్ అతనితో మాట్లాడుతున్నాడు. చేతులు తిప్పుతూ, తల అడ్డంగా ఊపుతూ, గొంతు తగ్గించి. నేను చూసినట్టు ఆయనకి తెలియదు. అప్పుడేదో మామూలుగా కలిశారనుకున్నాను. ఇప్పుడు ఆ వంతెన, ఆ గొంతు తగ్గించడం, డబ్బు వద్దనడం, ఫోను మోగకపోవడం అన్నీ కలిసి ఒకే దారంలో గుచ్చుకున్నాయి. ఇంకో విచిత్రం, వారం వారం ఫోను చేసే మెయ్‌నూత్ అతను కూడా ఆ తర్వాత ఫోను చెయ్యడం మానేశాడు. కావలసింది దొరికితే ఇంక బండితో ఏం పని?

డిసెంబరులో, ఊరంతా దీపాలు కట్టాక, ఆయన వచ్చాడు. బాగా చిక్కిపోయాడు. కోటు వేరే ఎవరిదో వేసుకున్నట్టుంది. చంకలో గుడ్డమూట, భుజాన సంచీ. ఎక్కడికి వెళ్ళారు అంకుల్ అంటే, పని ఉండి వెళ్ళానన్నాడు. చేతులు కడుక్కుంటూ చొక్కా చేతులు పైకి లాక్కున్నప్పుడు మణికట్టుకి తెల్లటి ప్లాస్టిక్ పట్టీ కనబడింది. మా ఇంట్లో ఆ పట్టీ ఏమిటో తెలియనివాళ్ళు లేరు. పట్టీ మీద అక్షరాలు చూసి, గాల్వే ఆసుపత్రిలో ఎప్పుడు చేరారని బావ మెల్లిగా అడిగాడు.

"సేరలేదు. మా జీపీ డాట్రు నాకేటీ లేదు, గ్రాండ్ అన్నాడు. నమ్మకం కుదరక సూపించుకోడానికెల్లేను. ఆళ్ళు ఉంచీసేరు."

జబ్బు ఏమిటో బావ తర్వాత కనుక్కున్నాడు గానీ నాకు వెంటనే చెప్పలేదు. గాల్వేలో పనిచేసే మన డాక్టరు ఒకతను చెప్పిన మాట మాత్రం చెప్పాడు. వార్డులో ఒక తెలుగు పెద్దాయన తలగడ కింద ఇనప సామాను పెట్టుకుని, దుప్పట్లు తీసేవాళ్ళని కూడా దగ్గరికి రానిచ్చేవాడు కాదట. దుప్పటికి గ్రీజు మరకలు అంటాయని నర్సులు గోల పెట్టారట.

అది తెలియడం తర్వాత. ఆ రోజు మాత్రం నేను మూట విప్పి డైనమోని చేతుల్లోకి తీసుకున్నాను. కూరగాయలు చేత్తో తూచి కొన్నదాన్ని, నాకు కాటా అక్కర్లేదు. తేలిగ్గా ఉంది. మూత తిప్పి చూశాను. గాడిలో కుంకుమ లేదు. అసలు గాడే లేదు. మెరిసే కొత్త మూత.

టీ ఇచ్చి ఎదురుగా కూర్చున్నాను.

"అంకుల్, మా నాన్న ఒక మాట అనేవాడు. మార్చిన సామాను చేతిలో పెట్టని మెకానిక్కుని మళ్ళీ గుమ్మం ఎక్కించకూడదని."

"అయితే?"

"ఇది బరువు తగ్గింది. నా బొట్టు లేదు. లోపల ఉన్నదంతా ఎవరికి ఇచ్చారు?"

బావ మొహం ఎర్రబడింది. "ఏమిటే, ఆసుపత్రి నించి వచ్చిన పెద్దాయన్ని పట్టుకుని."

"నువ్వుండు డాట్రుబాబూ." ఆయన గ్లాసు కింద పెట్టి నావైపు తిరిగాడు. ఆయన మొహం అలా వెలగడం నేనెప్పుడూ చూడలేదు. "ఇంతసేపేటమ్మా అడగడానికి? మూట ఇప్పినప్పట్నించీ ఎదురు సూస్తన్నాను. అడిగినోళ్ళకే ఇస్తాను నాను. అడగనోళ్ళకి ఆ సామాను మీద పేణం లేనట్టే."

సంచీ ముందుకి లాగాడు. ఒక్కొక్కటీ కాగితంలో చుట్టి ఉంది. రాగితీగ చుట్టిన కడ్డీ, తీగచుట్టలు, అరిగిపోయిన బొగ్గుముక్కలు, వెనక తీసిన పాత డబ్బా. ఒక్కోటి విప్పి నా అరచేతిలో పెట్టాడు, బొమ్మల కొలువులో బొమ్మలు అందించినట్టు. పైన పెంకు మా నాన్నదేనట. లోపల మాత్రం నెమ్మదిగా తిరిగినా కరెంటు పుట్టించే కొత్తరకం యంత్రం పెట్టాడట. పాతదానికి రెట్టింపు శక్తిగలదట. పైనించి చూస్తే పుట్టినప్పటి డైనమోలాగే ఉంటుంది.

"వంతెన దగ్గర మెయ్‌నూత్ అతనితో మీకేం పని?" అన్నాను. మొదలుపెట్టాక అన్నీ అడిగెయ్యాలి.

"ఓహో, అదీ సూసేవా?" ఆయనకి సంతోషం పట్టలేదు. "ఆడు నన్నట్టుకుని పాత డైనమో ఇప్పించమన్నాడు. నానేటి సెప్పేనో తెలుసా, ఆ బండి ఇరుసు వొంగిపోనాది, కొన్నోడికి తలకాయనొప్పి అని సెప్పీసేను. మల్లీ ఫోను సేసేడేటి?"

చెయ్యలేదు. బావ పగలబడి నవ్వాడు. నేను నవ్వలేదు. నా ఒళ్ళో సామాను మళ్ళీ చూసుకున్నాను.

"పాత మూత ఏది అంకుల్?"

ఆయన కిటికీలోంచి షెడ్డు వైపు చూశాడు. "కొత్త యంత్రం పొడుగెక్కువ. పాత మూత పట్టదు."

"పట్టకపోయినా సరే. చేతికి రావాలి."

"అది పాడైపోనాది. పారేసేను."

వంగిపోయిన మేకు కూడా పారెయ్యని మనిషి ఆయన. అబద్ధమని చెప్పడానికి బల్బు ఆనించి చూడక్కర్లేదు. ఆ మూతే అమ్ముకుని ఉంటాడని నాకు ఖాయంగా తోచింది. అడిగితే మళ్ళీ కిటికీ వైపే చూస్తాడు. ఆ మాట అక్కడితో వదిలేశాను గానీ, అనుమానం మాత్రం వదల్లేదు.

వైర్లు కలిపేటప్పుడు ఈసారి ఆయన ముట్టుకోలేదు. తన చేతి మీద నమ్మకం పోయిందన్నాడు. బావ కలపాలి, నేను ప్రతి వైరు రంగూ అది ఎక్కడికి పోతోందో పైకి చెప్పాలి, అప్పుడు ఆయన బల్బు ఆనిస్తాడు. ఎర్రది ఇనుముకి అని నేను అన్నాక, మళ్ళీ చెప్పమన్నాడు. మళ్ళీ చెప్పాను.

చీకటి పడుతుండగా బయల్దేరదీశాడు. బావ నడపాలి, వెనక నేను కూర్చోవాలి. నేనెందుకంటే, "నడిపీవోడికి బండి మీద పేమ. ఆడి మాట పనికిరాదు. నువ్వు సూడు" అన్నాడు. కళ్ళు రోడ్డు మీద పెట్టకూడదట, బావ భుజం మీంచి ముల్లు మీద పెట్టాలట. ఎడమకి వాలిందా, అక్కడే దిగి నడిచి రావాలి. అప్పుడింక బండి అమ్మెయ్యడమే, కొనేవాడు ఒకడు పోతే ఇంకొకడు ఉంటాడు అన్నాడు.

ఉన్నికుచ్చు టోపీ, పైన వానకోటు, దాని మీద శాలువా. బావ నడుము పట్టుకుని భుజం మీద గడ్డం ఆనించాను. పెళ్ళైన కొత్తలో ఈ బండి మీదే ఇలాగే కూర్చునేదాన్ని, అప్పుడు చూసింది ముల్లుని కాదు. చెరువు రోడ్డు మీద గాలి కోస్తోంది. ముల్లు కుడికి కొంచెం వాలి వణుకుతోంది. బావ పడిన మలుపు వచ్చింది. ముందు గడ్డిమూటల బండి, దాని వెనకాల మేం, నడక కన్నా నెమ్మదిగా. నా వేళ్ళు బావ కోటుని గట్టిగా పట్టేశాయి. దీపం రోడ్డు పక్క రాళ్ళ గోడ మీద పచ్చగా, నిలకడగా పడుతోంది. ముల్లు మధ్యకి వచ్చింది, కాస్త ఆలోచించినట్టు ఆగింది, మళ్ళీ కుడికే వెళ్ళింది. వంతెన దగ్గర ఎర్రలైటుకి ఆగినప్పుడు కూడా ఎడమవైపు మొహం చూడలేదు.

తిరిగి వచ్చేసరికి ఆయన సన్నవానలో గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. లోపల కూర్చోమని మా అమ్మాయి ఎంత చెప్పినా వినలేదట.

"డాట్రుబాబు సెప్పింది కాదు. నువ్వు సూసింది సెప్పు."

"కుడివైపే ఉంది."

"వంతెన కాడ ఆగినప్పుడు?"

"అప్పుడూ కుడివైపే."

"రెప్పేసేవేటి?"

"వెయ్యలేదు అంకుల్."

అప్పుడు లోపలికి వచ్చాడు. ఆ రోజు వంట ఎవరూ చూసుకోలేదు, ఉన్నదే వేడి చేశాను. ఆయన చెయ్యి గిన్నె మూత మీదికి వెళ్ళింది. మళ్ళీ వెనక్కి తీసుకుని నావైపు చూశాడు.

"ఉందా అమ్మా?"

"చాలా ఉంది, తినండి" అన్నాను.

మూత ఎత్తకుండా కడుపునిండా తిన్నాడు. నేను తర్వాత పెరుగన్నంలో ఆవకాయ కలుపుకున్నాను.

బండి మెయ్‌నూత్ వెళ్ళలేదు. నేనూ మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఆయన శనివారాలు వస్తూనే ఉన్నాడు, బండికి పని ఉన్నా లేకపోయినా. మూత సంగతి మాత్రం మా మధ్య అలాగే ఉండిపోయింది. నేను అప్పుడప్పుడు మాటల్లో మూతలు, గాడులు, కుంకుమలు దొర్లించేదాన్ని. ఆయన కిటికీలోంచి వాన ఎంత ఉందో చూసేవాడు.

మరుసటి చలికాలం మళ్ళీ గాల్వే వెళ్ళాడు. ఈసారి చెప్పి వెళ్ళాడు. ఒక ఉదయం ఆసుపత్రి నుంచి బావకి ఫోను. సొంతవాళ్ళ పేరు అడిగితే ఆయన మా బావ పేరు చెప్పాడట. బావ ఫోను పెట్టేసి, అంకుల్ పోయాడని చెప్తే, నా నోటిలోంచి వచ్చిన మొదటి మాట, "చెప్పినవాళ్ళు కళ్ళారా చూశారా?" అని. బావ నా తల మీద చెయ్యి వేశాడు.

వెళ్ళాం. ఆయన్ని చూశాం. ఇస్త్రీ చేసినట్టు తెల్ల దుప్పటి, గ్రీజు మరక ఒక్కటి కూడా లేదు. తర్వాత ఒక చిన్న గదిలో నర్సు ప్లాస్టిక్ సంచీ తెచ్చి బల్ల మీద పెట్టింది. వార్డులో అప్పుడప్పుడు ఒకరివి ఒకరి సంచీలో కలిసిపోతాయట, అన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో ఒకసారి చూసుకోమంది. అలాంటి పనికి ఆయన సరైన మనిషినే వదిలి వెళ్ళాడు. నేను ఒక్కొక్కటీ తీసి బల్ల మీద పెట్టాను. కళ్ళజోడు. చేత్తో అల్లిన స్వెట్టరు. దువ్వెన. రెండు వైర్ల బల్బు. అడుగున, చేతిరుమాలులో చుట్టి, గుండ్రంగా, బరువుగా ఒకటి ఉంది.

విప్పకముందే నాకు తెలిసిపోయింది. విప్పాను. మూత. తుడిచి తుడిచి అంచులన్నీ నున్నగా అయ్యాయి, ఆ గాడి జోలికి మాత్రం ఆయన పోలేదు. కుంకుమ నల్లబడి, గ్రీజుతో కలిసి, వేలు పెట్టిన చోట వేలు పెట్టినట్టే ఉంది.

నా అనుమానం నిజమే. ఆయనే తీశాడు.

బావ నావైపు చూశాడు. ఈ మూత కోసం అంకుల్‌ని ఎంతకాలం సతాయించానో తనకి తెలుసు. నర్సు తలుపు దగ్గర నిలబడి, అన్నీ ఆయనవేనా, పొరపాటున మీదేమైనా కలిసిందా అని అడిగింది.

మూతని మళ్ళీ చేతిరుమాలులో చుట్టి, ముందున్నట్టే సంచీ అడుగున పెట్టాను.

"లేదమ్మా, అన్నీ ఆయనవే" అన్నాను. తెలుగులో అనేశాను. బావ ఆమెకి ఇంగ్లీషులో చెప్పాడు.